రోమాను నిలబెట్టేదెవరు?

‘గాడ్‌ఫాదర్’ దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పొలా దశాబ్దాల పాటు ఒక సినిమా గురించి కలలుగన్నారు. చివరికి తన వైన్ వ్యాపారంలో కొంత భాగం అమ్ముకుని, సుమారు 12 కోట్ల డాలర్ల సొంత డబ్బుతో ‘మెగలోపొలిస్’ తీశారు. 2024లో విడుదలైన ఆ సినిమాకు థియేటర్లలో పెట్టుబడిలో నాలుగో వంతు కూడా తిరిగి రాలేదు. లాభనష్టాల మాట ఎలా ఉన్నా, అది అడిగిన ప్రశ్నను విశ్వాసులు తేలిగ్గా తీసుకోకూడదని మేము భావిస్తున్నాము. నాటి రోమా పతనమైన దారిలోనే నేటి అమెరికా సమాజం నడుస్తోందా అన్నదే ఆ ప్రశ్న.

క్రీ.పూ. 63లో ప్రభుత్వాన్ని కూలదోయడానికి కెటిలైన్ అనే కులీనుడు పన్నిన కుట్రను సిసెరో రోమా సెనేట్‌లో బట్టబయలు చేశాడు. ఆ ఇద్దరి పేర్లతోనే ఈ సినిమాలో ‘న్యూ రోమ్’ అనే, న్యూయార్క్‌ను పోలిన నగరంలో ఒక వాస్తుశిల్పి, ఒక మేయరు తలపడతారు. ధనమదం, వినోదాల మత్తు, జనాన్ని రెచ్చగొట్టి ఎదిగే నాయకులు... ఈ పోలికలన్నీ నిజమే. చిక్కంతా పరిష్కారంలో ఉంది. కాలాన్ని సైతం ఆపగల ఆ వాస్తుశిల్పి, తన మేధస్సుతో అద్భుత నగరం కట్టి అందరినీ గట్టెక్కిస్తాడట! దానికోసం ఇళ్లు పోగొట్టుకున్న పేదల గోడు మాత్రం కథలో ఓ మూలనే మిగిలిపోయింది.

క్రీ.శ. 410లో అలారిక్ సేనలు రోమాను కొల్లగొట్టాయి. పాత దేవతలను విడిచి క్రీస్తును నమ్మినందుకే ఈ గతి పట్టిందని ఎందరో నిందించారు. జవాబుగా అగస్టీను ‘దేవుని పట్టణం’ అనే 22 భాగాల గ్రంథం రాశాడు. మనిషి తన ఘనత కోసం కట్టుకున్నది ఎంత ఎత్తుకు లేచినా కూలుతుందని, దేవుని ప్రేమ మీద కట్టినదే నిలుస్తుందని అందులో వివరించాడు.

అంతకు సుమారు మూడున్నర శతాబ్దాల ముందే అపొస్తలుడైన పౌలు రోమాలోని విశ్వాసులకు పత్రిక రాశాడు. దాని 16వ అధ్యాయంలో ఆయన వందనాలు చెప్పింది చక్రవర్తికో, సెనేటర్లకో కాదు. డేరాలు కుట్టే అకుల, ప్రిస్కిల్లలకు, వారి ఇంట కూడుకునే సంఘానికి, ప్రభువు కోసం ప్రయాసపడిన స్త్రీలకు! ఆ జాబితాలోని పలు పేర్లు ఆ కాలంలో బానిసలకు పెట్టేవని బైబిలు పండితులు చెబుతారు. చరిత్ర లెక్కచేయని వారిని పౌలు పేరుపేరునా తలచుకున్నాడు. చక్రవర్తుల భవనాలు శిథిలాలయ్యాయి. ఆ చిన్న ఇళ్లలో మొదలైన ఆరాధన మాత్రం ఆగలేదు.

తనకంటూ ఇల్లు లేకుండా తిరిగిన ప్రభువే సంఘాన్ని కడుతున్నాడని నమ్మే మనం కూడా, పెద్ద మందిరం, పేరున్న ప్రసంగీకుడు ఉంటే చాలనుకుంటే ఆ సినిమాకూ మనకూ తేడా ఏముంది? ఈ ఆదివారం ఆరాధన ముగిశాక మనల్ని మనం ప్రశ్నించుకుందాం. చివరి వరుసలో కూర్చుని వెళ్లిపోయే వారిలో ఎంతమంది పేర్లు మనకు తెలుసు?