ఆవకాయ కాదు, ఆవకాయ కొలతలు

ఎడారిలో మలేరియా ఏంటి తాతయ్యా అని నవ్వకురా చిన్నా. మీ యూఏఈలోనూ ఉండేది. ఫుజైరా, రస్ అల్ ఖైమా వైపు హజర్ కొండల వాగుల పక్కన దోమలకు లోటు లేదు. ఇక్కడే అంటుకున్న ఆఖరి కేసు 1997లో వచ్చింది. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మలేరియా లేని దేశమని ధ్రువపత్రం ఇచ్చింది. ఇదంతా నీటిగుంటలు వెతికి, జ్వరమొచ్చిన వాళ్ల రక్తం పరీక్షించి సాధించిందే. టీకాతో కాదు.

దోమ మాత్రం పోలేదు. మనవైపు నుంచి విమానమెక్కే వాళ్ల కాలేయంలో వైవాక్స్ రకం క్రిమి నెలల తరబడి పడుకుని, ఇక్కడికొచ్చాక లేస్తుంది. అందుకే టీకా కావాలి.

మీ అమ్మమ్మ గుంటూరు నుంచి ఆవకాయ జాడీ పంపాలంటే బరువు, పైగా నూనె కారుతుందని భయం. కొలతలు కాగితం మీద రాసి పంపితే మీ అమ్మ ఇక్కడే కలిపేస్తుంది. డీఎన్ఏ టీకా ఆ కాగితమే. క్రిమి పైతొడుగు ప్రొటీన్ ఎలా చేయాలో చిన్న గుండ్రటి డీఎన్ఏలో పెట్టి కండలోకి ఎక్కిస్తారు. ప్రొటీన్‌ని మన కణాలే తయారుచేసుకుంటాయి.

దీనివల్ల ఒరిగేదేమిటంటావా? దోమ కుట్టిన కొద్దిసేపటికే క్రిమి కాలేయ కణాల్లో దూరిపోతుంది. అక్కడ యాంటీబాడీల ఆటలు సాగవు. కణంతో సహా దాన్ని చంపే టీ కణాలు కావాలి. ప్రొటీన్ మన కణం లోపలే తయారైతే అవి బాగా మేలుకుంటాయి. 1998లో అమెరికా నౌకాదళ పరిశోధకులు 20 మందికి వేసి చూస్తే 11 మందిలో మేలుకున్నాయి కూడా. యాంటీబాడీలు మాత్రం పుట్టలేదు. ఎలుకల్లో చూపిన జోరు మనుషుల్లో చూపలేదన్నమాట. తర్వాత డీఎన్ఏ టీకా మీద అడినోవైరస్ టీకాను బూస్టర్‌గా వేసి, 15 మందిని కావాలనే మలేరియా దోమలతో కుట్టించారు. నలుగురికి జబ్బు రాలేదు. 2013 నాటి ఫలితమిది. నలుగురేనా అని పెదవి విరవకు, ముందు ఆ పదిహేను మంది గుండె ధైర్యం చూడు!

ఈలోగా ప్రొటీన్ టీకాలే ముందుకెళ్లాయి. 2021లో ఆర్‌టీఎస్‌ఎస్, 2023లో ఆర్21 వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మొదటిదాని ప్రొటీన్ తయారీని మన హైదరాబాద్ భారత్ బయోటెక్‌కు అప్పగిస్తున్నారు. అయితే రెండూ ఫాల్సిపారం రకానికే, వైవాక్స్‌కు కావు.

డీఎన్ఏ దారి మూసుకుపోలేదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు కదా, సరిగ్గా అదే తేదీన 2021లో మన దేశం కోవిడ్‌కు జైకోవ్-డి అనే డీఎన్ఏ టీకాను అనుమతించింది. మనుషులకు అనుమతి దొరికిన మొదటి డీఎన్ఏ టీకా అదే. కానీ కరోనా వైరస్ జన్యువులు ముప్పైకి లోపే. మలేరియా క్రిమికి అయిదు వేల పైచిలుకు. వాటిలో దేన్ని ఎంచుకోవాలన్న పేచీ ఇంకా తెగలేదు.