పాత డ్రమ్ముకు వయసెంత?

ఆర్కెస్ట్రా కోసమో, చర్చి పాటల కోసమో పాత డ్రమ్ముసెట్టు బేరమాడుతున్నారనుకోండి. "అమెరికా లుడ్విగ్ అండీ, బీటిల్స్ కాలంనాటిది" అంటాడు అమ్మేవాడు. 1964లో రింగో స్టార్ అమెరికా టెలివిజన్‌లో వాయించింది ఆ కంపెనీ డ్రమ్ములే కాబట్టి, ఆ ఒక్కమాటతో ధర ఎక్కడికో పోతుంది.

ముందుగా చెక్క షెల్లుకు బిగించిన లోహపు బిళ్ళ చూడండి. దానిమీద నంబర్లు కొట్టడం 1963 చివర్లో మొదలైంది. అయితే కార్మికులు బిళ్ళల్ని వరసగా వాడలేదు, చేతికందినదల్లా బిగించారు. కనుక నంబరు చెప్పేది ఉజ్జాయింపు కాలమే. పైగా బిళ్ళ ఊడదీసి మరోదానికి తగిలించడం ఎంతసేపు!

అందుకే స్కిన్ విప్పించి, లోపల టార్చి వేసి చూడండి. 1960లనాటి షెల్లుల్లో చాలావాటికి ఎర్రసిరాతో తేదీ ముద్ర ఉంటుంది. అది కనబడితే ఇక వాదన లేదు. కనబడకపోతే రంగు చూడండి. తెల్లరంగైతే ఇంచుమించు 1968కి ముందుది, బూడిదరంగు మచ్చలైతే ఆ తరువాతది. కలప మూడుపొరలా, ఆరుపొరలా అన్నదీ లెక్కపెట్టండి. ఆరుపొరలు 1976 ప్రాంతంలో వచ్చాయి. బిళ్ళమీద షికాగోకు బదులు మన్రో అని ఉంటే 1984కు ముందుది కానేకాదు.

షెల్లుకు కొత్తగా తొలిచిన రంధ్రాలు కనిపించాయా, ధర తగ్గించమని గట్టిగా అడగండి.