గర్భస్రావము : పంచాయతీ సభ్యులు ఎరుగవలసిన సంగతులు

గర్భస్రావమును గూర్చి మన పల్లెలలో బాహాటముగా మాటాడుట అరుదు. ఆ గోప్యము వలననే పెక్కుమంది స్త్రీలు ఆలస్యము చేయుచున్నారు. చేతగానివాని చేతిలో పడుచున్నారు. 2016 అక్టోబరు 11వ తేదీన ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో కొత్తగూడ, గంగారం, పలిమెల వంటి అటవీ మండలములును కలవు. అచ్చటి గూడెములనుండి పెద్ద ఆసుపత్రికి చేరుట సులభము కాదు. కావున ఈ విషయమును వైద్యుని దృష్టితో తెలిసికొనుట అవసరము.

గర్భము తనంతట పోవుట వేరు, వైద్యునిచే తీయించుకొనుట వేరు. తెలిసిన గర్భములలో నూటికి ఇంచుమించు 10 నుండి 15 తమంతట పోవును. ఇందు అధికభాగము మొదటి మూడు మాసములలోనే జరుగును. పిండమందలి క్రోమోసోముల లోపమే దీనికి ముఖ్యకారణము. కోడలు బిందె మోసినదనియో, గ్రహణము చూచినదనియో నిందించుట అన్యాయము.

వైద్యునిచే తీయించుకొనుటలో కాలమే ప్రధానము. కడపటి ముట్టు మొదటి దినమునుండి వారములను లెక్కింతురు. 9 వారముల లోపల మాత్రలు చాలును. మిఫెప్రిస్టోన్ గర్భమును నిలుపు హార్మోను పనిని ఆపును. పిదప ఇచ్చు మిసోప్రోస్టాల్ గర్భాశయమును ముడుచుకొనజేసి గర్భమును వెలువరించును. 12 వారముల వరకు గొట్టముతో పీల్చివేయు పద్ధతి కలదు. శిక్షణ పొందిన వైద్యుడు చేసినచో ఇవి క్షేమకరములు. వారములు గడచినకొలది అపాయము హెచ్చును.

అవే మాత్రలను పరీక్ష లేక దుకాణమున కొని మ్రింగుట ప్రమాదము. గర్భము నాళములో నిలిచియున్నచో మాత్రలు పనిచేయవు. నాళము పగిలి కడుపులో రక్తస్రావమగును. ముక్కలు మిగిలినచో చీము పట్టును. పుల్లలు, వేళ్లు పెట్టించుకొనుట ప్రాణాంతకము. గంటకు రెండు గుడ్డలు తడియునంత రక్తము రెండు గంటలు పోయినను, జ్వరము, దుర్వాసన, తీవ్రమైన కడుపునొప్పి, సొమ్మసిల్లుట కనిపించినను వెంటనే 108ను పిలువవలెను.

ఇట్టి మరణములను తప్పించుటకే 1971లో చట్టము చేయబడినది. 2021 సవరణ ననుసరించి, చట్టము చెప్పిన కారణములున్నచో 20 వారముల వరకు ఒక వైద్యుని అభిప్రాయము చాలును. కొన్ని ప్రత్యేక పరిస్థితులలో ఇద్దరి అభిప్రాయముతో 24 వారముల వరకు చేయవచ్చును. గర్భనిరోధక సాధనము విఫలమగుటయు అంగీకృత కారణమే. అవివాహితలకును ఈ హక్కు కలదని సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పినది.

చట్టమందలి ‘రిజిస్టర్డు మెడికల్ ప్రాక్టీషనరు’ అనగా పట్టభద్రుడై, తగిన శిక్షణ పొందిన వైద్యుడు. మన ఊళ్లలో ఆర్.ఎం.పి. అని పిలువబడు వ్యక్తి ఇతడు కాడు. పేరొకటే యగుటచే పెద్ద పొరపాటు జరుగుచున్నది. అర్హత లేనివాడు గర్భము తీసినచో 2 నుండి 7 సంవత్సరముల కఠినశిక్ష. ప్రైవేటు ఆసుపత్రికి అనుమతిపత్రము ఉండవలెను. అది అందరికి కనబడునట్లు గోడకు తగిలింపబడవలెను. అడిగి చూడుడు.

ఆడపిల్లయని తెలిసికొని తీయించుట మాత్రము వేరు నేరము. లింగనిర్ధారణను 1994 చట్టము నిషేధించినది. 2023 మే నెలలో వరంగల్లు పోలీసులు ఇట్టి ముఠాను పట్టి 18 మందిని అరెస్టు చేసిరి. అయితే ఈ నేరమునకు వెరచి, న్యాయమైన కారణముతో వచ్చిన స్త్రీని త్రిప్పిపంపుట తగదు.

పద్దెనిమిదేండ్లు నిండిన స్త్రీకి తన సమ్మతియే చాలును. భర్త సంతకము గాని, అత్తమామల అనుమతి గాని, పంచాయతీ పత్రము గాని చట్టము కోరదు. ఆమె పేరు బయటపెట్టుట శిక్షార్హము. ఆశా కార్యకర్త యొకరిని ఆసుపత్రికి తోడుకొనిపోయినచో, ఎవరిని, ఎందులకు అని సభ్యులు విచారింపరాదు. బండి కావలసినచో సమకూర్చవలెను.