ఆ రాత్రి పడవెక్కిన ముగ్గురు

అమెరికాలో బానిసత్వం ఎలా పోయిందని అడిగితే మన తరం వాళ్లెవరైనా ఠక్కున చెప్పే జవాబు అబ్రహాం లింకన్. బళ్లో చదువుకున్నది అదే. చిన్నప్పుడు వక్తృత్వపు పోటీలో నేనూ ఆయన మీద మాట్లాడి స్టీలు గ్లాసు గెలుచుకున్నదాన్నే. ఆయన గొప్పతనాన్ని తగ్గించాలని కాదు గానీ, ఈ కథలో లింకన్ కంటే ముందు అడుగేసిన వాళ్లున్నారు. ఫ్రాంక్ బేకర్, జేమ్స్ టౌన్‌సెండ్, షెపర్డ్ మాలరీ. ముగ్గురూ బానిసలు.

వాళ్ల గురించి నాకు తెలిసింది వర్జీనియాలో. అమ్మాయి వాళ్లింటికి వెళ్లినప్పుడు, శనివారం సముద్రం చూపిస్తానని అల్లుడు హాంప్టన్ తీసుకెళ్లాడు. అక్కడ నీళ్ల ఒడ్డునే ఉంది మన్రో కోట. రాతి గోడలు, చుట్టూ కందకం. గోల్కొండ ఎక్కిన కాళ్లకి ఇదీ ఒక కోటేనా అనిపిస్తుంది. కానీ ఆ నేల మామూలుది కాదు. 1619లో ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన ఇరవై మందికి పైగా మనుషుల్ని ఇంగ్లిషువాళ్ల వర్జీనియాలో మొదటిసారి దింపింది ఆ తీరంలోనే. తిండిసామానుకి బదులుగా అమ్మేశారు. 1860 జనాభా లెక్కల నాటికి దేశంలోని 3 కోట్ల 14 లక్షల మందిలో దాదాపు 40 లక్షల మంది బానిసలు.

వాళ్ల చేత ఎక్కువగా పండించింది పత్తి. అప్పట్లో అమెరికా ఎగుమతుల్లో సగానికి పైగా అదే. యుద్ధం వచ్చి ఆ పత్తి ఆగిపోయాక ఇంగ్లండు మిల్లులు మన దేశం వైపు చూశాయి, మన కాకినాడ రేవుకి కూడా కొన్నాళ్లు పత్తి గిరాకీ కలిసొచ్చింది. అంత డబ్బుంది అందులో! అందుకే, బానిసత్వం కొత్త ప్రాంతాలకి పాకకూడదన్న లింకన్ ఎన్నికల్లో గెలవగానే దక్షిణాది రాష్ట్రాలు ఒక్కొక్కటే విడిపోవడం మొదలెట్టాయి.

'యుద్ధం బానిసత్వం కోసం కాదు, రాష్ట్రాల హక్కుల కోసం' అనే వాదన ఇప్పటికీ వినిపిస్తుంది. నాకది మింగుడుపడదు. విడిపోయిన వాళ్లే ఏమీ దాచుకోలేదు మరి. తమ పక్షం బానిసత్వంతో విడదీయరానంతగా ముడిపడి ఉందని మిసిసిపి తన ప్రకటనలో రాసుకుంది. కొత్త దేశపు ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ అయితే 1861 మార్చిలో నిండు సభలో, నల్లవాళ్లు తెల్లవాళ్లతో సమానం కారన్నదే తమ ప్రభుత్వానికి పునాదిరాయి అన్నాడు. వేరే సాక్ష్యం ఎందుకు?

విచిత్రమేంటంటే, ఆ మాట ఎత్తడానికి మొహమాటపడింది ఉత్తరాది వాళ్లు. ఇప్పటికే బానిసత్వం ఉన్న రాష్ట్రాల్లో జోక్యం చేసుకోనని పదవి చేపట్టిన రోజునే లింకన్ చెప్పాడు. ఆయన ఇబ్బంది ఆయనది. బానిసత్వం ఉండి కూడా విడిపోకుండా నిలిచిన కెంటకీ, మిసోరి లాంటి రాష్ట్రాలు చెయ్యిజారిపోతే దేశం దక్కదు. పారిపోయి వచ్చిన బానిసని యజమానికి అప్పగించాలన్న 1850 నాటి చట్టం కూడా అలాగే అమల్లో ఉంది.

1861 మే 23. దేశం నుంచి విడిపోవడానికి వర్జీనియా ఓటర్లు సరేనన్న రోజు. బేకర్, టౌన్‌సెండ్, మాలరీలని వాళ్ల యజమాని, ఒక కల్నల్, తిరుగుబాటు సైన్యానికి ఫిరంగి దిబ్బ కట్టే పనిలో పెట్టాడు. తర్వాత కరొలైనాకి తరలిస్తారని వాళ్ల చెవిన పడింది. ఇద్దరికి పెళ్లాంపిల్లలు ఇక్కడే ఉన్నారు. అంత దూరం పంపేస్తే మళ్లీ చూస్తామన్న ఆశ లేదు. నీళ్లకి అవతల మన్రో కోట మీద కేంద్ర ప్రభుత్వపు జెండా ఎగురుతోంది. వర్జీనియా గడ్డ మీదే ఉన్నా ఆ కోట కేంద్ర సైన్యం చేతుల్లోంచి పోలేదు.

ఆ రాత్రి ముగ్గురూ పడవెక్కారు. లోపలికి రానిస్తారో, కట్టేసి వెనక్కి పంపుతారో తెలీదు. చట్టం చూస్తే పంపాల్సిందే. కోట దగ్గర నిలబడి నేను ఆ నీళ్లు చూశాను. ఇప్పుడు పెద్ద పెద్ద యుద్ధనౌకలు తిరుగుతున్నాయి. చీకట్లో చిన్న పడవ మీద దాటడమంటే ఒళ్లు జలదరించింది.

కోటలో సేనాధిపతి బెంజమిన్ బట్లర్. మసాచుసెట్స్ లాయరు. బానిసల మీద జాలి ఉన్న మనిషనుకునేరు! కిందటేడాది తన పార్టీ సభలో జెఫర్సన్ డేవిస్‌ని అధ్యక్ష అభ్యర్థిని చెయ్యాలని 57 సార్లు ఓటేసిన ఘనుడు. ఆ డేవిసే ఇప్పుడు తిరుగుబాటు దేశానికి అధ్యక్షుడు. మర్నాడు కల్నల్ తరఫున ఒక మేజరు తెల్లజెండా పట్టుకుని వచ్చాడు, చట్టప్రకారం మా వాళ్లని మాకిచ్చెయ్యమని. బట్లర్‌లోని లాయరు నిద్రలేచాడు. మాది వేరే దేశమని మీరే అన్నారుగా, మా చట్టం పరాయి దేశానికి ఎలా వర్తిస్తుంది అన్నాడు. మేం విడిపోలేదని మీరు అంటున్నారు కదా అని మేజరు ఎదురు తిరిగాడు. మీరు విడిపోయామంటున్నారు కాబట్టి మీకు అడిగే హక్కు లేదన్నాడు బట్లర్. శత్రువు మామీద ఫిరంగులు పెట్టడానికి వాడుకుంటున్న సరుకు ఇది, యుద్ధనీతి ప్రకారం జప్తు చేసుకుంటున్నా, కావాలంటే మీ కల్నల్ వచ్చి దేశానికి విధేయుడినని ప్రమాణం చేస్తే తిరిగిచ్చేస్తానన్నాడు. కల్నల్ ఎందుకొస్తాడు!

మనుషుల్ని సరుకన్న మాటతోనే మనుషులకి దారి తెరుచుకుంది. ఆ ముగ్గురినీ పంపలేదన్న కబురు ఎలా పాకిందో గానీ, వారం తిరక్కుండానే పదుల కొద్దీ వచ్చేశారు, ముసలివాళ్లు, చంటిబిడ్డల తల్లులు. ఆగస్టులో అమెరికా కాంగ్రెస్ బట్లర్ వాదననే చట్టంగా మార్చింది. అదే నెలలో, పారిపోయి వచ్చిన వాళ్లకి నీడ దొరక్కూడదని తిరుగుబాటు సైన్యం హాంప్టన్ ఊరినే తగలబెట్టింది. ఆ బూడిదలోనే వాళ్లు ఇళ్లు కట్టుకున్నారు. సుఖమేం లేదు. సైన్యం పని చేయించుకుని కూలి డబ్బు ఎగ్గొట్టిన సందర్భాలూ ఉన్నాయి.

అయినా రావడం ఆగలేదు. యుద్ధం ఎక్కడికి జరిగితే అక్కడ ఇదే. లక్షల మంది ఇలా నడిచి వచ్చేస్తుంటే, ఇది బానిసత్వం గొడవ కాదని వాషింగ్టన్ ఎన్నాళ్లు అనగలదు? 1863 జనవరి 1న లింకన్ విముక్తి ప్రకటన మీద సంతకం పెట్టాడు. సుమారు 1,80,000 మంది నల్లవాళ్లు కేంద్ర సైన్యంలో చేరి పోరాడారు. 1865 డిసెంబరులో పదమూడో రాజ్యాంగ సవరణతో బానిసత్వం దేశమంతటా రద్దయింది. అప్పటికి యుద్ధంలో ఆరు లక్షల మందికి పైగా చచ్చిపోయారు.

కోట దగ్గర్లోనే, ఇప్పటి హాంప్టన్ యూనివర్సిటీ ఆవరణలో ఒక పెద్ద ఓక్ చెట్టుంది. మేరీ పీక్ అనే నల్లజాతి టీచరమ్మ 1861 సెప్టెంబరులో పారిపోయి వచ్చిన వాళ్ల పిల్లల్ని దాని కింద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. అంతకుముందు దొంగచాటుగా చెప్పేది, బానిసలకి చదువు చెప్పడం వర్జీనియాలో నేరం మరి. క్షయతో ఆర్నెల్లకే పోయింది. ఎక్కువసేపు ఆ చెట్టు కిందే కూర్చున్నాను.

కోటలో చూడాల్సిన గది ఇంకొకటుంది. 1865 మేలో, అంటే పడవ వచ్చిన నాలుగేళ్లకి, ఆ కోటకే ఒక ఖైదీని తెచ్చారు. మొదట్లో కాళ్లకి సంకెళ్లు కూడా వేశారు. రెండేళ్లు అక్కడే ఉన్నాడు. పేరు జెఫర్సన్ డేవిస్.