సంచీ భుజానికి తగిలించుకునే ముందు

ప్రతి సెప్టెంబరులోనూ, ప్రతి జనవరిలోనూ నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. కొత్త విద్యార్థులు కోవెంట్రీలో దిగే నెలలవి. గొంతు కొత్తగా ఉంటుంది. నంబరు ఎవరో తెలిసినవాళ్ళు ఇచ్చి ఉంటారు. ఏ ఊరు, ఎవరి అబ్బాయి అన్నది తేలాక అసలు సంగతి బయటికొస్తుంది: "అన్నా, ఫుడ్ డెలివరీ ఎలా మొదలుపెట్టాలి?"

ఫోనులో చెప్పడం మొదలుపెడితే గంట పడుతుంది. అవతలి అబ్బాయికి కావలసింది యాప్ పేరు, వారానికి ఎంత వస్తుందన్న లెక్క. నేనేమో వీసా దగ్గర మొదలుపెడతాను. సగం మంది ఉత్సాహం అక్కడే చల్లారిపోతుంది. మూడేళ్ళుగా ఈ ఊళ్ళో సైకిలు మీద ఇతరుల భోజనం మోస్తున్నాను కాబట్టి, తెలిసినంత మేరకు ఒకసారి కుదురుగా రాసి పెడుతున్నాను.

ముందుగా ఒక మాట. ఇంగ్లండులో డెలివరీ చేసేవాళ్ళు దాదాపు ఎవరూ ఆ కంపెనీల ఉద్యోగులు కారు. కాగితాల మీద ఎవరికి వారు సొంత వ్యాపారులు. జీతం ఉండదు, ఆర్డరుకి ఇంత అని రుసుము ఉంటుంది. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. స్టూడెంట్ వీసా మీద డిగ్రీ, మాస్టర్స్ చదివేవాళ్ళు తరగతులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు పనిచెయ్యొచ్చు, నిజమే. కానీ అది ఎవరి దగ్గరైనా ఉద్యోగంగా చెయ్యాలి. సొంత వ్యాపారం కూడదని అదే వీసా షరతుల్లో రాసి ఉంటుంది. అంచేత ఇరవై గంటల సంగతి అటుంచి, ఇరవై నిమిషాలు డెలివరీ చేసినా షరతు తప్పినట్టే. "వారానికి 20 గంటలు దాటకపోతే చాలటగా అన్నా" అని అడిగేవాళ్ళందరికీ నా జవాబు ఇదే.

మరి ఎవరు చెయ్యొచ్చు? చదువు ముగించి గ్రాడ్యుయేట్ వీసాకి మారినవాళ్ళు చెయ్యొచ్చు. డిపెండెంట్ వీసా మీద వచ్చిన భార్యో భర్తో చెయ్యొచ్చు. నేను రెండో కోవకి చెందినవాణ్ణి. మా ఆవిడ ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. నేను నరసరావుపేటలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పేవాణ్ణి. ఇక్కడ బళ్ళో పాఠం చెప్పాలంటే కావలసిన అర్హతలు పోగుచేసుకోవడానికి ఏళ్ళు పట్టేలా ఉంది. అద్దె మాత్రం నెల తిరక్కుండానే వస్తుంది.

వీసా ఒప్పుకున్నాక కావలసినవి పెద్దగా ఏమీ లేవు. ఈ-వీసా ఖాతా నుంచి తీసుకునే షేర్ కోడ్, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, సొంత పేరు మీద బ్యాంకు ఖాతా, ఒక ఫోటో. నేరచరిత్ర తనిఖీ కూడా చేస్తారు. అన్నీ ఇచ్చినా వెంటనే పని దొరుకుతుందని లేదు. మీ ప్రాంతంలో రైడర్లు ఎక్కువైతే వరసలో ఉండమంటారు. నేను ఏడు వారాలు ఉన్నాను.

ఆ ఏడు వారాల్లో వాహనం సంగతి తేల్చుకున్నాను. కారైతే ఇండియా లైసెన్సుతో ఇక్కడ స్థిరపడిన రోజు నుంచి 12 నెలలు నడపొచ్చు. తరువాత ఇక్కడి లైసెన్సు కావాలి. స్కూటరైతే సీబీటీ అనే శిక్షణ ముగించాలి, బండికి ఎల్ బోర్డు తగిలించాలి. ఆ సర్టిఫికెట్టు రెండేళ్ళే చెల్లుతుంది. రెండిటికీ ఇన్సూరెన్సు ఉండాలి. చాలామంది బోల్తా పడేది ఇన్సూరెన్సు దగ్గరే. ఇంటి అవసరాలకి తీసుకున్న మామూలు పాలసీ డబ్బు తీసుకుని భోజనం చేరవేయడానికి పనికిరాదు. 'హైర్ అండ్ రివార్డ్' అని వేరే పాలసీ ఉంటుంది. గంటల లెక్కన తీసుకునే వీలు కూడా ఉంది. అది లేకుండా పోలీసులకి దొరికితే 300 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద 6 పాయింట్లు. బండిని అక్కడికక్కడే తీసుకుపోవచ్చు కూడా. ఇక్కడ లైసెన్సు వచ్చిన రెండేళ్ళలోపు ఆరు పాయింట్లు పడితే లైసెన్సే రద్దవుతుంది.

ఇవన్నీ చూసి నేను సైకిలు ఎంచుకున్నాను. మామూలు సైకిలుకి లైసెన్సూ అక్కర్లేదు, ఎల్ బోర్డూ అక్కర్లేదు. ఆరు నెలలయ్యాక మోకాళ్ళు మొరపెట్టుకుంటే బ్యాటరీ సైకిలుకి మారాను. దీనికీ హద్దులున్నాయి. మోటారు 250 వాట్లు దాటకూడదు, తొక్కితేనే సాయం చెయ్యాలి, గంటకి 15.5 మైళ్ళు దాటాక ఆ సాయం ఆగిపోవాలి. అంతకు మించి పరిగెత్తేది చట్టం దృష్టిలో సైకిలు కాదు, మోటారు బండి. రిజిస్ట్రేషనూ ఇన్సూరెన్సూ లేకుండా తిరిగితే పోలీసులు లాక్కుపోతారు. చవకగా దొరికిందని ఎవరో బిగించి ఇచ్చిన మోటారు కొనకండి. బ్యాటరీలు కాలి ఇళ్ళు అంటుకుంటున్నాయని అగ్నిమాపక శాఖ వాళ్ళు నెత్తీ నోరూ కొట్టుకుంటున్నారు. ఆరుగురు కుర్రాళ్ళు ఉండే ఇంట్లో, బయటికి పోయే ఒక్క దారిలో, రాత్రంతా ఛార్జింగు పెట్టి పడుకోవడం ఎంతమాత్రం మంచిది కాదు.

మిగతా సామాను: వేడి నిలిపే సంచీ, ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం, హ్యాండిలుకి ఫోను పట్టుకునే క్లిప్పు, పవర్ బ్యాంకు. వాన ప్యాంటు దగ్గర మాత్రం లోభం వద్దు. కోటు అందరూ కొంటారు, ప్యాంటు ఎవరూ కొనరు. నవంబరులో తొడల మీంచి చలి ఎక్కుతుంటే అప్పుడు గుర్తొస్తుంది.

ఇక డబ్బు. నా లెక్కల పుస్తకంలోంచి రెండు రోజులు చెబుతాను. ఒక మంగళవారం సాయంత్రం నాలుగు గంటలకి ఆరు ఆర్డర్లు, 27 పౌండ్ల 40 పెన్నీలు. అదే నెలలో ఒక వానపడ్డ శుక్రవారం, అవే నాలుగు గంటలకి పదకొండు ఆర్డర్లు, 58 పౌండ్లు. హోటలు ముందు నిలబడ్డ సేపటికి ఎవరూ ఏమీ ఇవ్వరు. జ్వరం వచ్చిన రోజుకీ ఇవ్వరు, సెలవు రోజుకీ ఇవ్వరు. 2025 ఏప్రిల్‌లో ఇక్కడ 21 ఏళ్ళు నిండిన ఉద్యోగికి గంటకి కనీస వేతనం 12.21 పౌండ్లుగా నిర్ణయించారు. సొంత వ్యాపారికి ఆ చట్టం వర్తించదు. మంగళవారం నా గంట విలువ ఏడు పౌండ్లయినా దాటలేదు. శుక్రవారం ఒక్కటే చూసి లెక్కలు కట్టుకునేవాళ్ళకి ఈ మంగళవారాన్ని తప్పకుండా చూపిస్తాను.

పని నేర్చుకోవడం అంటే ఎక్కువగా ఊరు నేర్చుకోవడమే. ఇక్కడ ఒక పోస్టుకోడు కిందికి సగటున ఓ పదిహేను ఇళ్ళు వస్తాయి. కోడు పట్టుకుంటే వీధి దాకా చేరినట్టే. చాలా వీధుల్లో సరి సంఖ్యలు ఒక పక్క, బేసి సంఖ్యలు ఇంకో పక్క. నంబరు లేకుండా ఒట్టి పేరు మాత్రమే ఉన్న ఇళ్ళు కొన్ని ఉంటాయి, వాటిని చీకట్లో వెతకడం ఒక శిక్ష. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుందని మరిచిపోకండి. ఊరి చుట్టూ ఉన్న రింగు రోడ్డు ఫోను మ్యాపులో దగ్గర దారిలా కనిపిస్తుంది, సైకిలుకి అది దారి కాదు. ఫార్ గాస్‌ఫర్డ్ స్ట్రీట్ హోటళ్ళ నుంచి ఎర్ల్స్‌డన్ దాకా సందుల్లోంచి ఎలా పోవాలో నెల రోజుల్లో కాళ్ళకే తెలిసిపోతుంది. సూపు ఉన్న డబ్బా కింద పెట్టాలి, కూల్ డ్రింకు బిర్యానీకి ఆనకుండా చూసుకోవాలి. సంచీ దించిన ప్రతిసారీ జిప్పు వెయ్యాలి.

ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటుంది. మన తెలుగు హోటల్లోనే లోపల కూర్చుంటే 'రండి సార్' అంటారు. సంచీతో గుమ్మం దగ్గర నిలబడితే మనం ఒక ఆర్డరు నంబరు. మొదటిసారి "నాలుగు వందల పన్నెండు ఎవరయ్యా?" అని పిలిచినప్పుడు చెయ్యెత్తాను. పద్నాలుగేళ్ళు హాజరు పిలిచినవాణ్ణి, చెయ్యెత్తడం కొత్తగానే అనిపించింది. తరువాత అలవాటైపోయింది. అయితే అలవాటయ్యే వరకూ గుచ్చుకుంటుందని ముందే తెలిసి ఉండడం మంచిది.

పన్ను సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. ఏప్రిల్ 6 నుంచి మరుసటి ఏప్రిల్ 5 దాకా ఒక సంవత్సరం. ఆ సంవత్సరంలో రాబడి 1,000 పౌండ్లు దాటితే, అది ముగిశాక వచ్చే అక్టోబరు 5 లోపు పన్నుల శాఖ దగ్గర నమోదు చేసుకోవాలి. జనవరి 31 లోపు లెక్క చూపించి, పన్ను ఉంటే కట్టాలి. ఖర్చులు తీసెయ్యగా మిగిలినదాని మీదే పన్ను. స్కూటరుకి మైలుకి 24 పెన్నీలు, కారుకి మొదటి 10,000 మైళ్ళ దాకా 45 చొప్పున ఖర్చు కింద చూపించుకోవచ్చు. కాబట్టి మొదటి రోజు నుంచే మైళ్ళు రాసుకోండి. డెబ్భై పేజీల నోటు పుస్తకం చాలు.

ఇప్పటి దాకా చెప్పింది తేలిక భాగం. ఇక అకౌంటు అద్దె సంగతి.

డెలివరీ ఒప్పందాల్లో, రైడరు తన బదులు ఇంకొకరిని పంపించుకోవచ్చు అనే షరతు ఒకటి ఉంటుంది. డెలివరూ రైడర్ల యూనియను తమ తరఫున బేరమాడే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడింది. 2023 నవంబరులో సుప్రీంకోర్టు, బదులు మనిషిని పంపే స్వేచ్ఛ ఉన్నచోట ఉద్యోగ సంబంధం లేదని ముఖ్యంగా ఆ షరతునే చూపించి, కాదనేసింది. రైడరుకి హక్కులు రాకుండా అడ్డుపడిన ఆ షరతు నీడలోనే అకౌంటు అద్దె వ్యాపారం పెరిగింది. బదులు వచ్చేవాడికి ఈ దేశంలో ఆ పని చేసే హక్కు ఉండాలన్నది చట్టం. అద్దెకి ఇచ్చేవాడు అది అడగడు. 2024 నుంచి డెలివరూ, ఉబర్ ఈట్స్, జస్ట్ ఈట్ తనిఖీలు బిగించాయి. పని మధ్యలో ముఖం చూపించమని ఫోను అడుగుతుంది.

నాకు తెలిసిన ఒక అబ్బాయి, పేరు వద్దు, ఎవరిదో అకౌంటు మీద చలికాలమంతా తిరిగాడు. డబ్బు ఆ ఆసామి బ్యాంకులో పడుతుంది, ఆయన అద్దె పట్టుకుని మిగతాది పంపిస్తాడు. ఒకసారి రెండు వారాల డబ్బు పంపలేదు, వాట్సాపులో నంబరు బ్లాక్ చేశాడు. ఆ అబ్బాయి ఎవరికి ఫిర్యాదు చేస్తాడు? పోలీసుల దగ్గరికి వెళితే ముందు తన వీసా సంగతి చెప్పుకోవాలి. ఆసామికి ఆ ధైర్యం అక్కణ్ణించే వచ్చింది.

అది చూసిన కొన్నాళ్ళకే మా ఊరి అబ్బాయి ఒకడు నా అకౌంటు అడిగాడు. నేను వచ్చేటప్పుడు విమానం టికెట్టుకి డబ్బు సర్దిన మావయ్య కొడుకు. వాడి ఫీజు కోసం ఆయన రెండెకరాలు తాకట్టు పెట్టాడు. "పగలు నువ్వు చేసుకో అన్నా, రాత్రిళ్ళు నేను చేసుకుంటాను. నీకు అద్దె కూడా ఇస్తాను," అన్నాడు. ఇవ్వనని చెప్పాను. మా ఆవిడ వీసా, నా వీసా, వాడి చదువు, అన్నీ ఒకే ముడిలో పడతాయని చెప్పాను. రెండు ఆదివారాలు కూర్చుని వాడి దరఖాస్తులు రాయించాను. ఊరి బయట ఒక గోదాములో శని, ఆదివారాలు రాత్రి పని దొరికింది. పే స్లిప్పు ఉంది, సెలవు జీతం ఉంది, 20 గంటలు దాటదు. అప్పు తీరే వేగం మాత్రం వాడికి చాలడం లేదు, అది నాకూ తెలుసు.

మావయ్య అప్పటి నుంచి నాతో మాట్లాడలేదు. మా అమ్మ దగ్గర మాత్రం, "మీవాడు చెయ్యి అందించి ఉంటే మావాడు ఈపాటికి ఒడ్డున పడేవాడు వదినా," అన్నాడట. అమ్మ నన్ను ఏమీ అడగలేదు. టికెట్టు డబ్బు ఎప్పుడో తీర్చేశాను. ఆ మాటకి జవాబు మాత్రం ఇప్పటికీ దొరకలేదు.

కాబట్టి అడిగేవాళ్ళకి నా మాట ఇది. మీ వీసా ఒప్పుకుంటే రండి. మొదటి వారం మంగళవారం మొదలుపెట్టండి, శుక్రవారం వద్దు. తీరిక రోజున దారులు తెలుస్తాయి, తప్పు తలుపు కొట్టినా నష్టం ఉండదు. కావాలంటే నేను కూడా వచ్చి రెండు గంటలు మీతో తిరుగుతాను. వీసా ఒప్పుకోకపోతే డెలివరీ గురించి నన్ను అడగకండి, పే స్లిప్పు ఇచ్చే పని గురించి అడగండి. దరఖాస్తు రాయడానికి ఆదివారం మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉంటాను. భోజనం కూడా మా ఇంట్లోనే.