నివాసి ఓటు

ఓటు వేయాలంటే ఆ దేశ పౌరులై ఉండాలన్నది మనకు అలవాటైన లెక్క. స్థానిక ఎన్నికల వరకు ఆ షరతును పక్కనపెట్టి, ఊళ్లో ఉంటున్నవారికి ఇచ్చే హక్కే నివాసి ఓటు. స్వీడన్‌లో విదేశీయులకు ఇది 1976 ఎన్నికలతో దక్కింది.

ఐర్లండ్ అంతకంటే ముందే, 1963లోనే చట్టం చేసింది. దానిదే మరీ పెద్ద మనసు. 18 ఏళ్లు నిండి అక్కడ నివసిస్తుంటే చాలు. డబ్లిన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న గుంటూరు కుర్రాడికీ, ఆశ్రయం కోరి వచ్చి ఇంకా కేసు తేలని మనిషికీ కౌన్సిల్ ఎన్నికల్లో ఓటుంది. ఓటర్ల జాబితాలో అలాంటివారి పేరు పక్కన ‘ఎల్’ అక్షరం ఉంటుంది, లోకల్ ఓటు మాత్రమేనని గుర్తు. పోటీ కూడా చేయొచ్చు. నైజీరియా నుంచి 2000లో ఆశ్రయం కోరి వచ్చిన రొటిమి అడెబారి 2004లో కౌన్సిలరయ్యారు, 2007లో పోర్ట్‌లీష్ పట్టణ మేయరయ్యారు.

హక్కుందని తెలియకపోవడమే అసలు చిక్కు. తెలిసినా, ముందుగా పేరు నమోదు చేసుకోకపోతే అది కాగితం మీదే ఉండిపోతుంది. బూత్‌లోకి వెళ్లాక మీట నొక్కడానికి అలవాటుపడ్డ మనవాళ్లకు ఇంకో తికమక: బ్యాలెట్‌పై పేర్ల ఎదురుగా 1, 2, 3 అంటూ ఇష్టం కొద్దీ వరుస అంకెలు వేయాలి. ఇదంతా ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. ఇళ్లు, లైబ్రరీలు, పార్కులు చూసేది కౌన్సిలే కాబట్టి ఆ శ్రమ దండగ కాదు.

బ్రిటన్‌లోనైతే కామన్వెల్త్ పౌరుల లెక్కన, వీసాపై చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటేయొచ్చు.