పాత కారుకు బీమా ఎంతవరకు?

మారుతి 800 తయారీ 1983లో మొదలై 2014లో ఆగిపోయింది. అయినా మా మదనపల్లె, పుంగనూరు పల్లెల్లో ఆ బండి ఇంకా కనబడుతూనే ఉంది. టమోటాకు రేటు పలికిన ఏడు మా నాయన కూడ అట్లాంటిదే ఒకటి నలభై వేలకు కొన్నాడు. బీమా గడువు దగ్గరపడితే ఇంట్లో ఒకటే వాదన. "నలభై వేల బండికి ఫుల్ ఇన్సూరెన్సు ఎందుకురా?" అని నాయన, "కట్టేస్తే పోతుంది గదా బావా" అని మా మామ. నేను సైన్సు చదువుతున్నానని లెక్క నాకప్పగించారు. ఆ లెక్క మన కళాశాల మిత్రులలో కొందరికైనా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

మోటారు బీమాలో రెండు భాగాలున్నాయి. మన బండి వల్ల ఎదుటివారికి కలిగే నష్టానికి కట్టేది థర్డ్ పార్టీ. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను ప్రకారం ఇది తప్పనిసరి. లేకుండా దొరికితే 2019 సవరణ ప్రకారం మొదటిసారి రెండు వేలు జుల్మానా, లేదా మూడు నెలల జైలు, లేదా రెండూ. దీని రేటు ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నాటి పట్టికలో 1000 సీసీ లోపు కారుకు 2,094 రూపాయలు, పన్ను అదనం. మారుతి 800 ఇంజను 796 సీసీ. బండి వయసుతో ఈ రేటుకు పనిలేదు, ఎందుకంటే పాత బండి గుద్దినా కొత్త బండి గుద్దినా విరిగే కాలు ఒకటే. మరణానికీ గాయాలకూ కంపెనీ చెల్లించే పరిహారానికి పరిమితి లేదు. ఎదుటివారి ఆస్తికి మాత్రం ఏడున్నర లక్షల వరకే. ఈ కాగితం లేకపోతే ట్రిబ్యునల్ వేసే పరిహారం యజమాని నెత్తిన పడుతుంది. కారు నలభై వేలదే కావచ్చు, పోయేది బోరు కింది రెండెకరాలు. ఇంతవరకు మా ఇంట్లోనూ తగాదా లేదు.

తగాదా అంతా రెండో భాగం మీదనే, అంటే మన బండికే తగిలే దెబ్బకు కట్టే ఓన్ డ్యామేజి. దీనికి ఆధారం పాలసీలో రాసే బండి విలువ, ఐ.డి.వి. అయిదేళ్ళు దాటిన బండికి అది కంపెనీ, మనం మాట్లాడుకుని ఒప్పుకున్న అంకె. మాకు నలభై వేలనుకోండి. బండి పూర్తిగా పోయినా అంతకు మించి రాదు. చిన్న దెబ్బ తగిలితే పదేళ్ళు దాటిన బండి ఇనుప భాగాలకు సగం తరుగు తీస్తారు. ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీకీ సగమే. అద్దానికి తరుగు లేదు. ఆ పైన మనం భరించవలసిన వెయ్యి తీసేస్తారు. తలుపు, రేకు కలిపి ఎనిమిది వేలు, కూలి మూడు వేలు అయిందనుకుంటే, నాలుగు వేలు, మూడు వేలు కలిపి వెయ్యి తీస్తే చేతికి ఆరు వేలు. అదీ పాత స్పేరు భాగం మార్కెట్లో దొరికితే! పైగా క్లెయిము చేస్తే నో క్లెయిం బోనసు పోతుంది. కాబట్టి ఈ ఒక్క లెక్కతో చూస్తే నాయన మాటే రైటు.

కాని ఆ కారులో ఎవరెక్కుతారు? ఆదివారం కుప్పం పెళ్ళికి పోవాలంటే జేజి, అత్త, పిల్లలు అందరూ అందులోనే. ఉత్త థర్డ్ పార్టీ పాలసీ మన సొంత కారులో ఊరికే ఎక్కించుకున్న చుట్టాలకు వర్తించదు. రెండు భాగాలూ కలిసిన ప్యాకేజీ పాలసీలో మాత్రం లోపల కూర్చున్నవారికీ బాధ్యత ఉంటుందని బీమా నియంత్రణ సంస్థ 2009లో కంపెనీలకు స్పష్టం చేసింది. ఈ ఒక్క సంగతి నా లెక్కను తిరగేసింది. ఏజెంటు మాకు చెప్పిన తేడా పదిహేను వందల లోపే. రేకుకోసం అది దండగే. సీట్లలోని మనుషులకోసమైతే కాదు. ఒంటరిగా కాలేజీకి, ఇంటికి తిరిగే లెక్చరరుగారికి థర్డ్ పార్టీతో బాటు పదిహేను లక్షల సొంత ప్రమాద బీమా ఉంటే చాలునని నా అభిప్రాయం. ఆ పదిహేను లక్షలు ఆర్.సి.లో పేరున్నవారు, లైసెన్సు కలిగి, తామే నడుపుతున్నప్పుడే. నాయన పేరున్న బండిని నేను నడిపితే నాకది వర్తించదు. మా నాయనకు ఇది చెప్పడానికి రెండు పూటలు పట్టింది.

మన ప్రాంతానికి ముఖ్యమైనది ఇంకొకటుంది. వెనక సీటు తీసి టమోటా క్రేట్లు మార్కెట్టుకు తోలడం మన దగ్గర మామూలు. ప్రైవేటు కారు పాలసీలో సరుకు రవాణా, బాడుగ రెండూ మినహాయింపులే. మనుషుల చేతిసంచులకు అభ్యంతరం లేదు. దారిలో ప్రమాదమైతే కంపెనీ మొదట చూసేది ఆ క్రేట్లనే.

పాత బండి కొనేవారు పద్నాలుగు రోజుల్లోగా బీమా కాగితం తమ పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టుకోవాలి. థర్డ్ పార్టీ భాగం బండితోబాటే వస్తుంది గాని, ఓన్ డ్యామేజి పేరు మారితేగాని మనది కాదు. బండి పదిహేనేళ్ళు దాటితే ఆర్.సి. కూడ పరీక్ష చేయించి అయిదేళ్ళకొకసారి రెన్యూవల్ చేయించాలి.